ఎవడీ గిరిజనేతరుడు?

గోదావరి మీద రాసినవాళ్లలో చాలామంది పడవలో కూచుని రాశారు. వెన్నెల రాశారు. ఇసుకతిన్నెలు రాశారు. పాపికొండల మధ్య నది మలుపు తిరిగితే తమ లోపల కూడా ఏదో మలుపు తిరిగిందని రాశారు. 1973లో ‘అందాల రాముడు’, 2006లో ‘గోదావరి’, రెండు సినిమాలూ పడవెక్కినవాళ్ల కథలే. పడవెక్కినవాడికి ఒడ్డు బొమ్మలాగే కనపడుద్ది. ఆ బొమ్మలో ఓ కోయగూడెం ఉంటే వాడికి ఇంకా సంబరం. వెదురుబుట్టలు, ఇప్పపూలు, నెత్తిన నీళ్లకుండ. అడవి అన్నాక అవి ఉండాలి కదా! మాదిగపల్లె మాత్రం ఆ బొమ్మలో ఎక్కడా ఉండదు. గోదావరి అడవిలో మాదిగోడు బతుకుతున్నాడని ఆ రాసినవాళ్లకు తెలీదు. తెలిసినా వాణ్ణి ఏం చేసుకోవాలో తెలీదు. వాడు అడవికి అందం కాడు. ఊళ్లోనూ అందం కాడు గదా.

నేను మాదిగోణ్ణి. సర్కారు బళ్లో పంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ అనేది చదివినవాణ్ణి నేనే మొదలు. మాది కృష్ణా డెల్టాలో ఓ ఊరు, మా అమ్మ పుట్టిల్లు కూనవరం దగ్గర ఓ పల్లె. ఆ పల్లె పేరు ఇక్కడ రాయను. ఇంకా అక్కడ బతకాల్సినవాళ్లు ఉన్నారు. 2022 జూలైలో గోదావరి వచ్చి పోయాక, ఆ ఏడు దసరా సెలవుల్లో మా మేనమామను చూసి రావడానికి పోయాను. అక్కడ విన్న ఒక మాట గురించే ఈ రాత.

కూనవరం తెలియనివాళ్లకు రెండు ముక్కలు. శబరి నది ఒరిస్సా కొండల్నించి దిగొచ్చి గోదావరిలో కలిసేచోటు అది. మండల కేంద్రం అంటారుగానీ బస్సు దిగి పది నిమిషాలు నడిస్తే ఊరైపోద్ది. ఊరి తర్వాత నీళ్లు, నీళ్ల తర్వాత కొండలు, కొండల మీద అడవి. శబరి వంతెన దాటితే వి.ఆర్.పురం మండలం. ఆ పక్కనే పోచవరం రేవు. భద్రాచలంలో రాముణ్ణి చూసుకున్నవాళ్లు కార్లల్లో వచ్చి, అక్కడ పడవెక్కి, పేరంటాలపల్లి గుడి చూసుకుని, పాపికొండల్ని ఫోటోలు తీసుకుని పోతారు. వాళ్లకు కూనవరం అంటే టీ తాగే చోటు. 2008లో పాపికొండల అడవిని జాతీయవనం అని ప్రకటించారు. జాతీయవనం అంటే జాతి అంతటిదీ. జాతి అనేదాంట్లో ఎవరున్నారో, ఎవరు లేరో ఆ అడవి అంచున నిలబడితే బాగా అర్థమైద్ది.

మా తాత ఆ అంచుకు తనంతట తాను పోలేదు. మా ఊరి కామందు ఒకాయన గోదావరి లంకల్లో పొగాకు వేద్దామని, మిరప వేద్దామని పోతా పోతా నాలుగు మాదిగ ఇళ్లను, రెండు మాల ఇళ్లను తనతో తోలుకుపోయాడు. ‘తోలుకుపోయాడు’ అనేది మా అమ్మ మాట. నేను దాన్ని దిద్దను. మా అమ్మ అక్కడే పుట్టింది, 1960ల్లో. మా తాత అక్కడ చేసింది చెట్లు కొట్టడం, మోళ్లు పీకడం, కొట్టిన నేల దున్నడం. దున్నిన నేల కామందు పేరనో, కామందు చెప్పినవాడి పేరనో ఉండేది. మా తాత పేరన ఉండింది ఒక్క చెప్పులుకుట్టే ఆరె మాత్రమే.

ఆరె అంటే గుర్తొచ్చింది. అడవికీ మాదిగోడికీ సంబంధం ఏంటయ్యా అని నన్ను ఒక సభలో అడిగారు. అడిగినవాడు చదువుకున్నవాడే. తోలు పచ్చిగా చెప్పు కాదు. దాన్ని ఊనాలి. ఊనడానికి తంగేడు చెక్క కావాలి, కరక్కాయ కావాలి. కరక్కాయ ఎక్కడ కాస్తది? నీ పెరట్లోనా? ఈ దేశంలో మోట తోలిన ప్రతి బావి వెనకా, కాలిన కాలు వేసుకున్న ప్రతి చెప్పు వెనకా అడవిని ఎరిగిన మాదిగోడు ఉన్నాడు. 1882లో మద్రాసు అటవీచట్టం వచ్చి అడవికి గిరిగీసినప్పుడు ఆదివాసీ పోడు పోయిందని చరిత్రలు రాశాయి, అది రాయాల్సిందే. మాదిగోడి కరక్కాయ పోయిందని ఎవరన్నా ఒక్క వాక్యం రాశారా? తోలుపని గురించి రాయాలంటే ముందు ముక్కు మూసుకోవాలి కదా, ముక్కు మూసుకుని కలం పట్టుకోవడం కష్టం కాబోలు!

మా తాత అక్కడి కోయవాళ్లకు చెప్పులు కుట్టి ఇచ్చేవాడంట, వాళ్లు చింతపండో ఇప్పపువ్వో కొలిచేవాళ్లంట. సరే, సంగతికొస్తాను.

మా మామకు వాగు పక్కన రెండెకరాలుంది. ఉంది అంటే దున్నుకుంటున్నాడు. నలభై ఏళ్లనించి. పట్టా లేదు, రాదు. ఎందుకు రాదో ఆ ప్రాంతంలో చదువు రానివాళ్లు కూడా చెబుతారు. ‘ఒన్ ఆఫ్ సెవెంటీ’ అంటారు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో బిగించిన చట్టం అది. ఏజెన్సీలో భూమి అమ్మినా, కౌలుకిచ్చినా, దానమిచ్చినా ఆదివాసీకే చెందాలి. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటది, కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. 1997లో సమత తీర్పు ఇంకో అడుగు ముందుకేసింది: సర్కారు కూడా తన భూమిని అక్కడ గిరిజనేతరులకు ధారాదత్తం చేయకూడదంది.

ఈ చట్టం ఉండాలి. ఇది ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే నేను చెప్పబోయే మాటల్ని ఏరుకుని సంచిలో వేసుకోవడానికి కొందరు కాచుకుని ఉంటారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో తుపాకీ గుండ్లు తిన్నది భూమి అడిగినవాళ్లే. ఈ చట్టమే లేకపోతే గోదావరి ఒడ్డున కోయవాడికి నిలబడడానికి సెంటు నేల మిగిలేది కాదు. మా కామందులు ఎట్లాంటివాళ్లో నాకు వేరేవాళ్లు చెప్పక్కర్లేదు. వాళ్ల పశువులపేడ ఎత్తినవాళ్లం మేం.

నా పేచీ చట్టంతో కాదు. ‘గిరిజనేతరుడు’ అనే ఆ మాటతో.

ఎవడీ గిరిజనేతరుడు? భూమి మింగినవాడా, ఆ భూమిలో కూలి చేసినవాడా? మా తాతను తోలుకొచ్చిన కామందూ గిరిజనేతరుడే, తోలబడ్డ మా తాతా గిరిజనేతరుడే. పులినీ, పులి ఎత్తుకొచ్చిన మేకపిల్లనీ ఒకే సంచిలో వేసి మూతి కట్టి, పైన ఒక చీటీ అంటించారు. పైగా ఆ సంచిలోంచి బయటపడే దారి పులికి తెలుసు. జీతగాడి పేరన పట్టా పెట్టుకుంటది. కోయ ఆడబిడ్డను ఉంచుకుని ఆమె పేరన రాయించుకుంటది. కోర్టుకెళ్లి ఇరవై ఏళ్లు వాయిదాలు లాగుద్ది. మేకపిల్లకు వకీలు ఉన్నాడా, వాయిదాకు పోవడానికి బస్సుచార్జీ ఉందా? ఒకే చట్టం ఇద్దరి మీదా ఉంది, కానీ దాని బరువు నాకే తెలుస్తంది.

ఏజెన్సీలో మాల మాదిగలకు భూమి లేదు సరే, అడవిహక్కుల చట్టం ఉందిగా అంటారు. 2006లో వచ్చింది, మంచి చట్టమే. అందులో ఆదివాసులతోపాటు ‘ఇతర సాంప్రదాయిక అటవీవాసులు’ అని ఒక మాట పెట్టారు. ఆ మాట చూసి నేనూ సంతోషపడ్డాను. తర్వాత లోపలికి చదివాను. ఆదివాసీ అయితే 2005 డిసెంబరు 13కి ముందునించి సాగులో ఉంటే చాలు. ఇతరుడైతే ఆ తేదీకి మూడు తరాల ముందునించి అక్కడే ఉన్నట్టు చూపించాలి. తరమంటే ఎంతో కూడా చట్టమే చెప్పింది: ఇరవై ఐదేళ్లు. మూడు ఇరవై ఐదులు డెబ్బై ఐదు. అంటే 1930 నుంచి.

1930లో మావాళ్లు ఎక్కడున్నారు? కృష్ణా డెల్టాలో కామందు కొట్టంలో ఉన్నారు. అక్కడ భూమి వచ్చిందా? రాలేదు. అక్కడ్నించి తోలితే ఇక్కడికొచ్చారు. ఇక్కడ భూమి వస్తదా? రాదు, మూడు తరాలు కాలేదు గనక. మూడు తరాలు ఒక్కచోట నిలబడనిచ్చింది ఎవరయ్యా మమ్మల్ని? ఈ దేశంలో మాదిగోడు మూడు తరాలు కదలకుండా ఉన్నచోటు ఏదన్నా ఉంటే అది కామందు గుమ్మం ముందు చెప్పులు విడిచే చోటే. దానికి పట్టా ఇస్తారా?

మా మామ దరఖాస్తు పెట్టాడు. తిరిగొచ్చింది. ఎందుకు తిరిగొచ్చిందో కాగితం మీద రాసి ఇవ్వలేదు, నోటితో చెప్పారు. ‘మీరు నాన్ ట్రైబల్ కదండీ’ అన్నారంట. మా మామకు ఆ రెండు ఇంగ్లీషు ముక్కలు ఇప్పటికీ కంఠస్థం. ఆయన సంతకం పెట్టడం రానివాడు.

ఇంకొక ముక్క. మా మామ కొడుకు డి.ఇడి. చదివాడు. వాడు అక్కడే పుట్టాడు, కోయపిల్లలతో ఆడి కోయభాష నాకన్నా, మీకన్నా, ఆ బళ్లోకి మైదానం నుంచి వచ్చి పనిచేసిపోయిన చాలామంది పంతుళ్లకన్నా బాగా మాట్లాడతాడు. 2000లో వచ్చిన జీవో నెంబరు 3 ప్రకారం ఏజెన్సీ బళ్లల్లో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే. వాడు ఆ జీవోని తిట్టడం నేనెప్పుడూ వినలేదు. ‘కోయపిల్లలకి కోయపంతులు ఉంటే మంచిదేగా బావా’ అన్నాడు. మిరప కోతలకు పోయాడు, సెల్ఫోన్ రీచార్జీల కొట్టు పెట్టాడు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. అప్పుడు చూడాలి మా పల్లెకి వచ్చిన మోటార్సైకిళ్లు! ఏనాడూ మా వాకిట్లో దిగనివాళ్లు దిగారు. మంచినీళ్లు అడిగి తాగారు. ‘నీకోసమేరా మేం కొట్లాడేది, ఇప్పుడు ఒన్ ఆఫ్ సెవెంటీ కూడా పోవాల, సంఘం పెడతన్నాం, నువ్వు ముందుండు, అంబేద్కర్ ఫోటో తీసుకురా’ అన్నారంట.

మావాడు అడిగాడంట: ‘అట్నే వస్తాగానీ, మీ పొలంలో మాకు రెండెకరాలు రాసిస్తారా?’

‘ఎట్టా ఇస్తాంరా, చట్టం ఒప్పుకోదు కదా’ అన్నారంట.

మా అత్త ఈ సంగతి చెప్పి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మాదిగోడికి భూమి ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం వాళ్లకు చట్టం గుర్తొస్తది. తమ భూమి కాపాడుకోవాల్సి వచ్చినప్పుడు మాదిగోడు గుర్తొస్తాడు. వాళ్లకు కావాల్సింది మా సంఖ్య, మా ఫోటో, మా ఎస్సీ సర్టిఫికెట్టు. అంబేద్కర్ని కామందు పొలం గట్టు మీద కాపలా దిష్టిబొమ్మగా నిలబెడతారా? ఆ సభకి మావాడు పోలేదు. పోయినవాళ్లు మావాళ్లలోనే కొందరున్నారు. వాళ్లను నేను తిట్టను. ఆకలిమీద ఉన్నవాణ్ణి ఎవడు పిలిచినా పోతాడు. పిలవాల్సినవాళ్లు పిలవకపోతే తప్పెవరిది?

పిలవాల్సినవాళ్లు అంటే మనమే, మిత్రులారా. పోలవరం మీద మన మిత్రులు వేసిన కరపత్రాలు నా దగ్గర ఒక కట్ట ఉన్నాయి. ‘ఆదివాసీలను ముంచే ప్రాజెక్టు’ అని ఉంటది పైన. నిజం. కోయలు మునుగుతారు, కొండరెడ్లు మునుగుతారు. లక్షకు పైగా కుటుంబాలు లేవాల్సిందేనని సర్కారు లెక్కలే చెబుతున్నాయి. ఆ కరపత్రాల్లో దళితుడు ఎక్కడన్నా కనపడితే ‘దళితులు, ఇతర పేదలు’ అని ఒక వాక్యం చివర కనపడతాడు. కామా తర్వాత. కారంచేడు (1985), చుండూరు (1991) మనకు ఊరినీ వాడనీ విడదీసి చూడడం నేర్పాయి. అక్కడ ఊరు పెద్దది, వాడ దాని కాళ్ల దగ్గర ఉంటది, గీత స్పష్టంగా కనపడుద్ది. ఏజెన్సీలో గీతలు అట్లా ఉండవు. అక్కడ ‘ఊరు’ కోయగూడెం కావచ్చు, అది కూడా పేదదే. పీడించేవాడు ఊళ్లో ఉండడు, భద్రాచలంలోనో రాజమండ్రిలోనో మేడలో ఉంటాడు. మన సిద్ధాంతానికి ఈ మాదిగపల్లె అడ్డంగా ఉందని దాన్ని తీసి పక్కన పెట్టేశారు. సిద్ధాంతం చేతకానప్పుడు మనిషిని పక్కన పెట్టకూడదు.

కోయవాళ్లతో మాకు గొడవ లేదని కూడా నేను రాయను. మా అత్త కొత్తకోడలుగా పోయిన రోజుల్లో కోయ ఇళ్లల్లో ఆమెకు మంచినీళ్లు దోసిట్లో పైనించి పోసేవాళ్లంట. కులం కొండలెక్కదనుకుంటాం. ఎక్కుద్ది. కామందు బండి వెనకే ఎక్కుద్ది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు ఎక్కింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 దగ్గర. పల్లె మునిగింది, గూడెం మునిగింది, అందరూ గుట్టెక్కారు. ఒకే టార్పాలిన్ కింద ఒక కోయ ముసలమ్మా మా అత్తా ఒకే పొయ్యి మీద గంజి కాచుకున్నారు. ఈ సంగతి వింటే మన కవులు వెంటనే ఒక కవిత రాస్తారు. రాయమాకండి. నీళ్లు తీశాక పొయ్యిలు మళ్లీ వేరయ్యాయి. అయితే ఒకటి: ఆ ముసలమ్మ ఇప్పుడు మా అత్త వాకిట్లోకి వచ్చి కూచుంటది. కూచుని చుట్ట కాల్చుకుంటది. అంతవరకే జరిగింది, అంతే రాస్తాను.

వరదలంటే వాళ్లకు కొత్త కాదు. మా అక్క పుట్టింది 1986 ఆగస్టు వరదలో. మొదటి కాన్పుకి మా అమ్మ పుట్టింటికి పోయింది, భద్రాచలంలో నీటిమట్టం 75.6 అడుగులకు వచ్చింది. మా అక్క గుట్టమీద పుట్టింది. నడివయసు ఆమెకు వచ్చేసింది, ఆ పల్లెకి పట్టా మాత్రం రాలేదు. అయితే పాత వరద వచ్చేది, పోయేది, మెరకకు ఒండ్రు పెట్టి పోయేది. ఇప్పుడు వరద వెళ్లడం ఆలస్యమవుతందని అక్కడి జనం అంటారు, కింద కట్టిన కట్టవల్లేనంటారు. సర్కారు కాదంటది. జనం కొలిచేది గోడమీద బురదచారతో, సర్కారు కొలిచేది ఇంకెక్కడో.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర యాత్రికుల పడవ మునిగినప్పుడు రాష్ట్రమంతా ఏడ్చింది. ఏడవాల్సిందే. నేనూ ఏడ్చాను. పడవ మునిగితే చూసినవాళ్లకు పల్లె మునిగితే కనపడదేం అని మాత్రం అడుగుతున్నాను. పడవ ఒక్క రోజులో మునిగింది. పల్లె 1980లో ట్రిబ్యునల్ తీర్పు వచ్చిన రోజునించి మునుగుతానే ఉంది.

ఇంకో తమాషా. మా మామవాళ్లు ఇల్లు కదల్లేదుగానీ జిల్లాలు వాళ్ల కింద కదిలాయి. భద్రాచలం తాలూకా ఒకప్పుడు తూర్పుగోదావరి. 1959లో తీసుకెళ్లి ఖమ్మంలో కలిపారు. 2014లో రాష్ట్రం విడిపోయాక, ప్రాజెక్టుకు అడ్డం లేకుండా ముంపు మండలాల్ని మళ్లీ ఆంధ్రలోకి తెచ్చి కూనవరాన్ని తూర్పుగోదావరిలో పెట్టారు. 2022 ఏప్రిల్లో అల్లూరి సీతారామరాజు జిల్లా అన్నారు, దాని కేంద్రం ఎక్కడో పాడేరులో. అప్పుడు అర్జీ పట్టుకుని పోవాలంటే కొండలన్నీ దాటి పోవాల్సొచ్చేది. ఇన్ని జిల్లాల్లో ఏ జిల్లాలోనూ మా మామ పేరన సెంటు భూమి లేదు. భూమి లేనివాణ్ణి ఏ జిల్లాలో కలిపితే మాత్రం ఏముంది?

పునరావాసం సంగతి చూడండి. 2013 భూసేకరణ చట్టంలో ఒక మాట ఉంది, చదివితే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తది: ఏ ప్రాజెక్టులోనైనా భూమి పోయిన ఎస్సీ ఎస్టీలకు పోయినంత భూమి, లేదా రెండున్నర ఎకరాలు, రెంట్లో ఏది తక్కువైతే అది ఇవ్వాలి. ఎస్సీ అని స్పష్టంగా ఉంది. ఇక్కడ గిరిజనేతరుడు కాడు, ఎస్సీయే. కానీ భూమి ‘పోయిన’ ఎస్సీ. 1970 చట్టం ప్రకారం ఏజెన్సీలో ఎస్సీకి భూమి ఉండడానికి వీల్లేదు. ఉండనివాడికి పోయేదేముంది? పోనివాడికి ఇచ్చేదేముంది? ఇల్లు ఇస్తారు, కొంత డబ్బు ఇస్తారు. భూమి మాత్రం రాదు. రెండు చట్టాలూ మంచివే. రెంటి మధ్యలో మా మామ ఉన్నాడు. అక్కడ ఎవరూ అన్యాయం చేయక్కర్లేదు, అందరూ చట్టప్రకారం నడుచుకుంటే చాలు, మాదిగోడు ఖాళీచేతుల్తో లేస్తాడు.

ఇప్పుడు మా ఊరికి రండి, కృష్ణా డెల్టాకి. కృష్ణలో నీళ్లు తగ్గి కామందులు దిగులుపడతా ఉంటే 2015లో పట్టిసీమ పెట్టి గోదావరి నీళ్లు పోలవరం కుడికాలవలోంచి కృష్ణలోకి తోడారు. మా కాలవలోకి ఆ నీళ్లొచ్చిన రోజున ఊళ్లోవాళ్లు పసుపు కుంకుమలు చల్లి హారతులిచ్చారు. మా అమ్మ కాలవగట్టు మీద నిలబడి చూసింది. ‘మా ఊరి నీళ్లేరా’ అంది. పుట్టింటివాళ్లు వచ్చినట్టు చూసింది. రేపు ఆనకట్ట నిండితే ఆ కుడికాలవలోకే వచ్చేది కూనవరాన్ని ముంచిన నీళ్లు. ఈ చివర తడిసే పొలంలో మాకు గెనెం కూడా లేదు, కౌలు కూడా పుట్టదు, నాట్ల కూలి ఉంటది. ఆ చివర మునిగే పల్లె మాది. కాలవకి రెండు చివర్లా మాదిగోడే ఉన్నాడు, రెండు చోట్లా నీళ్లు వాడి మీదుగానే పోతన్నాయి, ఒక్కచోటా వాడి పొలంలోకి పోవడం లేదు. ఈ మాట ఇంజనీర్ల పటంలో ఉండదు. ఆ పటంలో కాలవ నీలంరంగు గీత.

మరి నీకేం కావాలయ్యా అంటారు. ఏజెన్సీ చట్టంలో చిల్లు పెట్టమని నేను అడగడం లేదు. ఆదివాసీ భూమి ఆదివాసీకే ఉండాలి. నన్ను ఆ సంచిలోంచి తీయమంటున్నాను. నన్ను కామందుతో కలిపి ఒక్క మాటలో కట్టేయమాకండి అంటున్నాను. అడవి అంచున దశాబ్దాలుగా కూలి చేసిన మాల మాదిగల్ని వేరే లెక్క రాయండి, వాళ్లకు డెబ్బై ఐదేళ్ల కొలబద్ద పెట్టకండి, ముంపు నుంచి లేపేటప్పుడు ‘భూమి పోయినవాడు’ అనేదాని కింద దున్నినవాడు కూడా వస్తాడని రాయండి. అక్కడ ఆదివాసీ భూమికి చేయి పెట్టక్కర్లేదు, పునరావాస కాలనీలు కట్టే మైదానంలో కామందుల మిగులుభూమి లేదా? 1973లో భూసంస్కరణల చట్టం చేశారు కదా, దాని కింద తేలిన మిగులు ఎవరి పొట్టలో ఉంది? అది అడగడానికి అగ్రవర్ణ మేధావులకు నోరు రాదు, మనకు రావాలి. ఆదివాసీ సంఘాల మిత్రులతో కూడా ఇదే చెప్పాను. కొందరు విన్నారు, కొందరు ‘మీరూ వలసొచ్చినోళ్లేగా’ అన్నారు. వలస రావడానికీ తోలబడి రావడానికీ తేడా ఉందని వాళ్లతో ఇంకా మాట్లాడాలి, మాట్లాడతాం. కామందు మధ్యవర్తిగా కూచోకుండా మేమూ వాళ్లూ ఒకచోట కూచోవాలి. అది జరగకూడదనే వాడు మోటార్సైకిలేసుకుని తిరుగుతున్నాడు.

నేను తిరుగుబస్సుకి బయల్దేరే ముందురోజు మా అత్త నన్ను వెనక దొడ్లోకి తీసుకెళ్లింది. చింతచెట్టు. 1986 వరద తీశాక మా అమ్మమ్మ నాటిన చెట్టు. మానుకి తెల్లరంగు పూసి నెంబరు వేసుంది. ముంపులో పోయే చెట్లకు కూడా లెక్కకట్టి డబ్బిస్తారు, దానికి వేసిన నెంబరు.

‘ఎవురి పేరన రాశారత్తా?’ అన్నాను.

‘గవర్నమెంటు చెట్టంట అల్లుడా. నేలెవరిదైతే చెట్టూ వాళ్లదేనంట. మరి ఇన్నేళ్లూ నీళ్లెవురు పోశారో, కాయలెవురు దులిపారో అదికూడా ఆ పుస్తకంలో రాసుకోమను. రాసుకునేదాంకా పోనియ్యమాక. నువ్వు పంతులువి గదా.’

అర్జీ రాశాను. చెట్టు గురించీ, రెండెకరాల గురించీ, అమ్మమ్మ సమాధి గురించీ మూడు పేజీలు వచ్చింది. మర్నాడు మామను వెంటబెట్టుకుని పోయి ఇచ్చాను. ఇచ్చేముందు వాళ్ల ఫారం ఒకటి నింపాలన్నారు. పేరు, తండ్రి పేరు, ఊరు. కింద రెండు గళ్లు: గిరిజన, గిరిజనేతర. ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. రెండూ కొట్టేసి పక్కన మాదిగ అని రాసి, మామ చేత వేలిముద్ర వేయించి ఇచ్చాను.

తీసుకున్న కుర్రాడు తలెత్తి చూశాడు. మర్యాదగలవాడే. ‘ఇట్లా రాస్తే కంప్యూటరు తీసుకోదండీ మాస్టారూ’ అన్నాడు.